మూడో వరుసలో చివరి మనిషి

ఏడో డివిజన్‌లో వీధుల పేర్లు ఆమెకు ఎప్పుడూ సరిగ్గా గుర్తుండేవి కావు. కోరింతదగ్గు సందు, తట్టు మేడ, ముగ్గురికి టైఫాయిడ్ వచ్చిన మూలయిల్లు, ఇలాగే ఆమె మనసులో ఆ ప్రాంతమంతా అమరిపోయింది. సెలవురోజున భర్తతో కలిసి నడుస్తున్నా, "అదుగో, ఆ పచ్చ కిటికీల ఇంట్లో పోయినేడు గవదబిళ్ళలు" అనేది.

"నీతో షికారుకొస్తే ఆస్పత్రిలో వార్డులు తిరిగినట్టుంటుందోయ్," అనేవాడు భర్త. ఆయన ఇంటి ముందుగదిలో రేడియోలు బాగుచేస్తాడు.

మునిసిపల్ ఆరోగ్య కార్యాలయంలో అంటువ్యాధుల గది ఆమెది. పధ్నాలుగేళ్ళుగా అక్కడే పని. డాక్టర్లు పంపిన కార్డులు పొద్దున్నే వీధుల వారీగా సొరుగుల్లో సర్దడం, ఆ తర్వాత గొడుగూ సంచీ అందుకుని ఇంటింటికీ తిరగడం. జబ్బు ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, ఇంకా ఎవరికి రాబోతోంది, అది తేల్చుకునేదాకా ఆమెకు కాలు నిలిచేది కాదు. సందు మొదట్లో ఆమె గొడుగు కనిపిస్తే చాలు, పిల్లలు "సూదులక్క వస్తోంది రోయ్!" అని కేకేసి మెట్లెక్కి మాయమయ్యేవాళ్ళు. పోనుపోను పెద్దవాళ్ళకీ ఆమె సూదులక్కే అయింది. ఆమె కూడా తలుపు తట్టి, "ఎవరూ?" అంటే, "నేనండీ, సూదులక్కని" అనే చెప్పేది. అసలు పేరు చెబితే తలుపు తీయరని ఆమెకు తెలుసు.

ఆ మంగళవారం కార్డు రాలేదు, ఫోనే వచ్చింది. డాక్టరుగారు విని, పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మశూచి," అన్నారు.

డివిజన్‌లో ఆ మాట వినిపించి పదకొండేళ్ళయింది. సూదులక్క చేతిలో ఉన్న కార్డుల కట్ట మెల్లగా బల్లమీద పెట్టింది.

రోగి ఈ ఊరివాడు కాదు. మేనల్లుడి పెళ్ళికని రైల్లో వచ్చాడు. ఆదివారం పెళ్ళి. ఆ రోజే ఒళ్ళు కాలిపోతోంది, ముఖం మీద నాలుగు పొక్కులు కూడా ఉన్నాయి. ఉక్కకి పేలాయనుకుని, కాస్త పౌడరు అద్దుకుని, అందరితో పాటు తిరిగాడు. సోమవారానికి పొక్కులు చేతులకీ కాళ్ళకీ పాకాయి. ఇప్పుడు అంటురోగాల ఆస్పత్రిలో ఉన్నాడు.

"ఎంతమంది వచ్చారట పెళ్ళికి?" అడిగారు డాక్టరుగారు.

"పెళ్ళికూతురి వాళ్ళని అడిగితే నూటయాభై అంటారు, పెళ్ళికొడుకు వాళ్ళని అడిగితే తొంభై అంటారు సార్. నిజం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది."

"ఆదివారం నుంచి లెక్కేసుకోండి. నాలుగైదు రోజుల్లోపు టీకా పడితే గండం గట్టెక్కినట్టే. శుక్రవారం మనకి ఆఖరు. ఒక్కరు కూడా జారిపోకూడదమ్మా."

ఆ రెండు రోజులూ సూదులక్క కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగింది. డాక్టరుగారు ఒకవైపు, ఆమె ఒకవైపు. ఐసు డబ్బాలో టీకామందు గొట్టాలు, స్పిరిట్ సీసా, సూదులు. రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి జాబితాలు రాయించింది. పెళ్ళికూతురి తల్లి జ్ఞాపకశక్తి చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడలేదు, ఎవరు కూతుర్ని తీసుకొస్తామని చెప్పి తీసుకురాలేదు, అన్నీ ఆవిడ నాలుక చివరే ఉన్నాయి. బుధవారం సాయంత్రానికి నూటపన్నెండు పేర్లు తేలాయి. వాళ్ళలో తొంభై మందికి పైగా టీకాలు పడ్డాయి. మిగిలినవాళ్ళు ఎక్కడున్నారో తెలిసింది.

ఎందుకైనా మంచిదని ఆమె పెళ్ళి ఫోటో కూడా తెప్పించింది. హాలు మెట్లమీద అందరినీ ఐదు వరుసల్లో నిలబెట్టి తీసిన పెద్ద ఫోటో. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. పెళ్ళికూతురి తల్లి ఒక్కొక్క ముఖం మీదా చూపుడువేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. మూడో వరుసలో కుడివైపు చివర వేలు ఆగింది. పాత కోటు, నెరిసిన మీసం, కాస్త పైకెత్తిన గడ్డం. అందరికంటే సంతోషంగా ఉన్నాడు.

"ఈయన వాళ్ళ తరపు," అంది. "మావాళ్ళెవరూ అలాంటి కోటేసుకుని పెళ్ళికి రారు."

సూదులక్క ఫోటో పట్టుకుని పెళ్ళికొడుకు ఇంటికి వెళ్ళింది. పెళ్ళికొడుకు తండ్రి ఒక్క చూపు చూసి, "ఆయనా! వాళ్ళ తరపేనమ్మా. పెళ్ళికూతురి పెదనాన్న అనుకుంటా. భోజనాల దగ్గర ఒకటే పెత్తనం. నన్ను పట్టుకుని 'మీరు అటు కూర్చోండి, ఇది పిల్లలున్నవాళ్ళకి' అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రిని, నేను నోరుమూసుకుని వెళ్ళి అటు కూర్చున్నా!" అన్నాడు.

ఆమె మళ్ళీ వెనక్కి వచ్చింది. విషయం విని పెళ్ళికూతురి తల్లి ముక్కున వేలేసుకుంది.

"అంటే ఎవడో ఏమిటో తెలియనివాడికి భోజనం పెట్టామా! రెండోసారి అడిగి మరీ వడ్డించింది నేనే!"

గురువారం పొద్దున సూదులక్క ఫోటోస్టూడియోకి వెళ్ళింది. ఫోటోగ్రాఫరు మాటకారి. ఎవరు కుర్చీలో కూర్చున్నా బిగుసుకుపోకుండా కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఆ ఒక్క ముఖం పెద్దది చేసి ఇవ్వమని అడిగితే చీకటిగదిలోకి వెళ్ళాడు. బయటికొచ్చేసరికి కబుర్లు లేవు.

"అక్కా, ఈయన్ని నేను ఇంతకుముందు కూడా చూశాను."

"ఎక్కడ?"

అతను బీరువా తెరిచి పాత ఫోటోల నెగటివ్‌లున్న గాజుపలకల పెట్టెలు దించాడు. కిటికీ వెలుతురుకి ఒక్కొక్క పలకా ఎత్తిపట్టుకుని చూడసాగాడు. పలకమీద ముఖాలన్నీ నల్లగా, జుట్లన్నీ తెల్లగా ఉన్నాయి. అయినా ఆ గడ్డం దాగలేదు. ఒకటి దొరికింది. ఇంకోటి దొరికింది. మధ్యాహ్నానికి బల్లమీద ఏడు పలకలు చేరాయి. రెండేళ్ళలో ఏడు పెళ్ళిళ్ళు. ప్రతిసారీ మూడో వరుసలో, చివర.

ఫోటోగ్రాఫరు తలపట్టుకున్నాడు. "నేనే అక్కా! 'బాబాయిగారూ, గడ్డం కాస్త పైకెత్తండి' అని ప్రతిసారీ నేనే చెప్పాను. ఏడుసార్లు! ఒక్కసారైనా గుర్తుపట్టానా!"

సూదులక్క పలకల అంచున అంటించిన చీటీలు చదివింది. ఏడు పెళ్ళిళ్ళూ ఆ హాల్లోనే. వేరే హాళ్ళ పలకలు కూడా తీయించింది. వాటిలో ఆయన లేడు.

"దూరం నుంచి వచ్చే మనిషి కాదు," అంది. "ఆ చుట్టుపక్కలే ఉంటాడు."

ఆ సాయంత్రం హాలు చుట్టూ నాలుగు వీధులు ఫోటో చూపించుకుంటూ తిరిగింది. పెద్దది చేసిన ముఖం అలుక్కుపోయినట్టు వచ్చింది. ఒకాయన తన బావగారిలా ఉన్నాడన్నాడు. ఒకావిడ ఇలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉంటారంది. హాలు కాపలాదారు మాత్రం ఒక పనికొచ్చే మాట చెప్పాడు: రేపు మధ్యాహ్నం ఇక్కడ ఇంకో పెళ్ళి ఉంది.

డాక్టరుగారు విని ఆలోచించారు. ఆ మనిషికి జబ్బు సోకినా ఐదోరోజున ఇంకొకరికి అంటించడు, ఆ భయం లేదు. కానీ హాల్లో మశూచి అన్న మాట వినిపిస్తే పెళ్ళి పెళ్ళంతా వీధిన పడుతుంది.

"చడీచప్పుడు లేకుండా పట్టుకోవాలి. ఎలా వెళ్తారు?"

"పెళ్ళికి ఎలా వెళ్తారో అలాగే సార్."

శుక్రవారం ఆమె మంచి బట్టలు కట్టుకుంది. భర్త రేడియోలోంచి తల బయటికి పెట్టి చూశాడు.

"పెళ్ళికెళ్తూ సంచీలో సూదులు పెట్టుకున్న మనిషిని నిన్నే చూస్తున్నా."

"పిలుపు లేకుండా వెళ్తున్నాను, నాకు చెమటలు పడుతున్నాయి. మీరు నవ్వకండి."

చెమటలు పట్టాల్సిన పనే లేకపోయింది. గుమ్మంలో నిలబడ్డ లావుపాటి ఆవిడ "రండి రండి, ఇంత ఆలస్యమా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఎవరనుకుందో ఏమో, పిల్లలు బాగున్నారా అని కూడా అడిగింది. బాగున్నారని చెప్పింది సూదులక్క. అది అబద్ధం కాదు.

పెద్దాయన అప్పటికే వచ్చేశాడు. అదే కోటు. చంకలో చిన్న పొట్లం. తలుపు దగ్గర అడ్డంగా ఉన్న కుర్చీలు తీసి గోడవారన సర్దుతున్నాడు. ఏడుస్తున్న ఒక పసిపిల్లకి జేబురుమాలుతో ఎలుకను చేసి ఇచ్చాడు. భోజనానికి అందరూ బల్లల దగ్గర కూర్చుంటుంటే సూదులక్క చప్పున వెళ్ళి ఆయన పక్క కుర్చీ పట్టుకుంది.

ముందు ఆయనే పలకరించాడు. "మీరు ఎవరి తరపమ్మా?"

"పెళ్ళికొడుకు తరపండీ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అలా చెప్పకు తల్లీ. పెళ్ళికొడుకు తరపున వచ్చింది పదకొండుమందే, వాళ్ళందరూ అదుగో ఆ మూల ఉన్నారు. పెళ్ళికూతురి తరపను, ఎవరూ అడగరు."

సూదులక్కకి పొలమారింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాడు.

"కొత్తా?"

"కొత్తేనండీ," అంది దగ్గుతూ.

"కంగారుపడకు. కడుపునిండా తిను. తిన్నాక ఏదో ఒక పని అందుకో. ఊరికే నిలబడ్డవాళ్ళనే ఎవరు ఏమిటని అడుగుతారు. చేతిలో రెండు గ్లాసులుంటే చాలు, ఇంటిమనిషి అనుకుంటారు."

ఆమెకు ఆ క్షణంలో ఆయన్ని పట్టుకోవడానికి వచ్చానని చెప్పాలంటే నోరు రాలేదు. కానీ గడియారం ఒంటిగంట కొట్టింది. శుక్రవారం సగం అయిపోయింది.

"బాబాయిగారూ," అంది మెల్లగా, "పోయిన ఆదివారం ఇక్కడ జరిగిన పెళ్ళికి మీరు వచ్చారు."

ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "పోలీసువాళ్ళా?"

"కాదు కాదు. ఆరోగ్య కార్యాలయం. ఆ పెళ్ళిలో ఒకాయనకి మశూచి వచ్చింది. మీరు చల్లగా ఉండాలనే వెతుక్కుంటూ వచ్చాను. ఒక్క నిమిషం నాతో పక్కకి వస్తారా?"

కోట్లూ గొడుగులూ పెట్టే చిన్న గదిలో ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. జబ్బమీద చిన్నప్పటి టీకా మచ్చ ఉందో లేదో అన్నట్టుంది. సూదులక్క స్పిరిట్‌తో తుడిచి, మందు చుక్క వేసి, సూదితో గీరింది. ఆయన అటువైపు తిరిగి గోడతో చెబుతున్నట్టు చెప్పాడు.

ఆయన పుస్తకాలకి అట్టలు కట్టేవాడు. చూపు మందగించాక షాపు మానేసి గదిలోనే చిన్నాచితకా పని చేసుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట ఒక స్నేహితుడి కూతురి పెళ్ళికి ఈ భవనానికే వచ్చాడు. ఆ పెళ్ళి పైఅంతస్తులో, ఈయన కూర్చున్నది కింద. సంగతి తెలిసేసరికి భోజనం అయిపోయింది, ఎవరి పిల్లనో ఒళ్ళో నిద్రపుచ్చుతున్నాడు, ఫోటోకి కూడా పిలిచారు.

"ఎవరూ పొమ్మనలేదమ్మా. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగారు," అన్నాడు. "వట్టి చేతుల్తో ఎప్పుడూ రాను. ప్రతి జంటకీ నేను కట్టిన నోటుబుక్కు ఒకటి ఇస్తాను." చంకలో పొట్లం చూపించాడు.

ఉన్నట్టుండి ఇటు తిరిగాడు. "మశూచి వచ్చింది ఆ చారల చొక్కా ఆయనకేనా?"

"మీకెలా తెలుసు?"

"ఒళ్ళు పెనంలా ఉంటే ఈ గదిలోనే, ఇదుగో ఈ బల్లమీదే పడుకోబెట్టాను. వణికిపోతుంటే హాలువాళ్ళవి రెండు దుప్పట్లు తెచ్చి కప్పాను. చెమటకి తడిసి ముద్దయిపోయాయి."

సూదులక్క సంచీ మూయబోతూ ఆగింది. "ఆ దుప్పట్లు ఏమయ్యాయి?"

"సోమవారం పొద్దున ఉతికే ఆవిడ వెనక తలుపు నుంచి వచ్చి మూటగట్టుకుపోతుంది. ప్రతివారం ఆవిడే."

రెండు కుటుంబాలూ ఇచ్చిన నూటపన్నెండు పేర్లు ఆమె కళ్ళముందు కదిలాయి. అందులో అతిథులున్నారు, వంటవాళ్ళున్నారు, వాద్యగాళ్ళున్నారు, ఫోటోగ్రాఫరూ కాపలాదారూ కూడా ఉన్నారు. వెనక తలుపు మనిషి లేదు. వాళ్ళు చెప్పకపోతే చెప్పకపోయారు, తాను ఎందుకు అడగలేదు? పధ్నాలుగేళ్ళ అనుభవం ఉండి, ముందు తలుపు దగ్గరే నిలబడి లెక్కపెట్టింది.

"ఇల్లెక్కడ?"

"చెబితే దొరకదు. మూడు మెట్లదారులు మారాలి. పద, నేనొస్తా." ఆయన కోటు తొడుక్కుని, పొట్లం ఒక పెద్దావిడ చేతిలో పెట్టి, హాలువైపు ఒకసారి చూశాడు. "తీపి పెట్టకముందే పెళ్ళిలోంచి లేచిపోవడం ఇదే మొదలు."

ఉతికే ఆవిడది ఒక పాత మేడమీద డాబా. పది తాళ్ళమీద తెల్లటి దుప్పట్లు గాలికి చప్పుడు చేస్తున్నాయి. వాటి మధ్య ఆవిడ, భర్త, ముసలి అత్తగారు. సూదులక్క విషయం చెప్పింది. ఆవిడ చేతులు నడుంమీద పెట్టుకుంది.

"ఆ దుప్పట్లు సోమవారమే ఉడకబెట్టి ఉతికి ఇచ్చేశాను. ఇప్పుడు చేతికి పుండు చేసి పోతే రేపు వీటిని ఎవరు పిండుతారు? మీరు పిండుతారా?"

"పిండుతాను," అంది సూదులక్క.

ఆవిడ నమ్మలేదు. సూదులక్క సంచీ కింద పెట్టి, మంచి బట్టలు ఎగ్గట్టి, తొట్టిలోంచి తడి దుప్పటి ఒక కొస లాగింది. పెద్దాయన రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పారు. ఇద్దరూ ఒకే వైపు తిప్పుతున్నారని, అందుకే నీళ్ళు రావడం లేదని అర్థమయ్యేసరికి అత్తగారు నవ్వి నవ్వి గోడకి జారగిలబడింది. ఉతికే ఆవిడకి కూడా నవ్వాగలేదు.

"వదిలేయండి తల్లీ, దుప్పటి చింపేస్తారు! ఇదుగో చెయ్యి. కుడిచెయ్యి ముట్టుకున్నారో, ఊరుకోను."

ముగ్గురికీ ఎడమచేతికే టీకాలు పడ్డాయి. ఉతికే ఆవిడ జబ్బమీద పాతమచ్చ లేనే లేదు. అది చూసిన సూదులక్క మెట్లు దిగుతూ వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంది.

ఆ తర్వాత పదహారు రోజులు రోజూ పొద్దున అదే తిరుగుడు. పెద్దాయనతో, డాబామీది ముగ్గురితో కలిపి నూటపదహారు మందికీ థర్మామీటర్లు. పెద్దాయన్ని గది కదలొద్దని చెప్పారు. ఆ రోజుల్లో రెండు పెళ్ళిళ్ళు తప్పిపోయాయి. తన గది కిటికీలోంచి హాలు ముందు ట్రాము దిగుతున్నవాళ్ళని చూసి, "ఇవాళ పిల్లలు ఎక్కువున్నారు, కుర్చీలు ఎవరు సర్దుతారో ఏమో" అని బెంగపడ్డాడు. సూదులక్క వెళ్ళేసరికి వేడి ఎంతుందో తనే చూసుకుని కాగితంమీద రాసి ఉంచేవాడు, చక్కటి గుండ్రటి అక్షరాలతో. ఆయనకి జ్వరం రాలేదు. చేతిమీద టీకా మాత్రం బ్రహ్మాండంగా పొంగింది. దాన్ని ఆయన వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

దుప్పట్లు ముట్టుకున్న పన్నెండోరోజున ఉతికే ఆవిడకి జ్వరం తగిలింది. రెండురోజులకి నుదుటిమీద, మణికట్లమీద పొక్కులు కనిపించాయి. సూదులక్క తనే బండిలో పక్కన కూర్చుని అంటురోగాల ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ వారం ఆమె ఇంట్లో సరిగ్గా అన్నం తినలేదు. భర్త వేళాకోళం మానేశాడు. రేడియోలు వదిలేసి పక్కనే కూర్చునేవాడు.

పొక్కులు పద్ధెనిమిది దగ్గర ఆగిపోయాయి. ఐదోరోజుకే ఎండటం మొదలైంది.

"టీకా పడింది కాబట్టి ఇంతటితో సరిపోయింది," అన్నారు డాక్టరుగారు. "లేకపోతే ఈవిడ దక్కేది కాదు. ఆ డాబామీంచి మనం ఎన్ని ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళమో." రిజిస్టరు ముందుకి లాక్కుని, "ఆవిడ సంగతి మనకి చెప్పిందెవరు? ఇక్కడ రాయాలి," అన్నారు.

సూదులక్క రిజిస్టరు మీదికి వంగింది. "అతిథి అని రాయండి సార్."

పెళ్ళికూతురి ఇంటికి వెళ్ళి గడువు ముగిసిందని, ఇక భయం లేదని చెప్పింది. చారల చొక్కా ఆయన కూడా కోలుకుంటున్నాడు. ముఖాన మచ్చలు మాత్రం ఉండిపోతాయి. పెళ్ళికూతురి తల్లి అంతా విని, అసలు ప్రశ్న అడిగింది.

"దొరికాడా ఆ మనిషి? ఇంతకీ ఎవరి తరపు?"

"ఎవరి తరపూ కాదండీ. మీ వియ్యంకుడి బావమరిదికి ఒంట్లో బాగోలేదని ఆ రోజు కనిపెట్టింది ఆయనొక్కడే. పడుకోబెట్టి, దుప్పటి కప్పి, మంచినీళ్ళు పట్టాడు. ఆయన చెప్పబట్టే ఇంకో ప్రాణం నిలిచింది."

పెళ్ళికూతురి తల్లి గోడమీది పెళ్ళి ఫోటోవైపు చూసింది.

"తీపి ఒకటే వేశాను ఆయనకి," అంది. "ఇంకోటి వేయాల్సింది."

నెల తిరిగేసరికి ఉతికే ఆవిడ ఇంటికి వచ్చింది. ఆ మధ్యాహ్నం సూదులక్క చూడ్డానికి డాబామీదికి ఎక్కింది. ఆవిడ కాస్త చిక్కింది. నుదుటిమీద మూడు చిన్న గుంటలు పడ్డాయి. భర్త వేసిన పీటమీద కూర్చుని, భర్త ఆరేస్తున్న బట్టలకి వంకలు పెడుతోంది. సూదులక్కని చూడగానే లేచి నిలబడింది.

"మీ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేది ఎవరండీ?"

"ఏం? ఏమైంది?"

"ఏమైందా! అవి తెలుపంటారా? నేను మూడోరోజునే చెప్పాను నర్సమ్మకి, సబ్బు పోకుండానే ఆరేస్తున్నారని. వినలేదు. కాస్త ఓపికొచ్చాక కిందికి దిగి నేనే చూపించాను. జబ్బుమనిషినని తరిమేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను."

"మళ్ళీ వెళ్ళిందట!" అంది అత్తగారు గర్వంగా.

"ఇప్పుడు వెళ్ళి చూడండి ఆ వార్డు. కళ్ళు జిగేలుమనాలి." ఆవిడ మళ్ళీ కూర్చుని పీట సర్దుకుంది. "మీరూ కూర్చోండి. ఎప్పుడూ ఆ పరుగేంటి?"

సూదులక్క సంచీ గోడకి ఆనించి నేలమీదే చతికిలబడింది. దుప్పట్ల నీడ ఆమె కాళ్ళమీద అటూ ఇటూ ఊగుతోంది. ఆ రోజుకి ఇంకా చూడాల్సిన ఇల్లు ఒక్కటే ఉంది. అక్కడ గవదబిళ్ళలు తగ్గిపోయిన పిల్లాడు ఉన్నాడు. వాడు సాయంత్రం దాకా ఆగగలడు. ముసలావిడ చెంబుతో చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సూదులక్క సగం తాగి, మిగతా సగంతో ముఖం కడుక్కుని, కళ్ళు మూసుకుని గాలికి కూర్చుంది.